పైన వాటా వేశారు సరే, పాలసీలో రాయించారా? విశాఖ ఇళ్ల బీమాలో చిక్కుముళ్లు

అక్టోబరు వచ్చిందంటే విశాఖలో అందరి చూపూ బంగాళాఖాతం వైపే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఈ నగరం దగ్గరే తీరం దాటింది. 2025 అక్టోబరు 28న మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినా ఇక్కడివాళ్లకు గుండె దడ తప్పలేదు. తుపాను పేరు టీవీలో వినబడగానే ఇంట్లో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న: "మనింటికి ఇన్సూరెన్స్ ఉందా?" ఎక్కువ ఇళ్లలో వచ్చే జవాబు: "ఉంది, లోను తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్లే కట్టించారు."

ఈ జవాబును కాస్త విప్పి చూడాలి. లోను తీసుకున్ననాటికి ఆ ఇల్లు ఒక్క అంతస్తే అయి ఉండొచ్చు. యజమాని నాన్నగారు అయి ఉండొచ్చు. ఇంట్లో ఉన్నవి రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్జే అయి ఉండొచ్చు. పదేళ్లలో పైన వాటా లేచింది, కింద అద్దెకిచ్చారు, పెళ్లిళ్లయ్యాయి, అబ్బాయి డాలస్ వెళ్లాడు. పాలసీ కాగితం మాత్రం బీరువా అడుగున అప్పటి ఇంటినే వర్ణిస్తూ ఉండిపోయింది. ఈ రెంటికీ మధ్య దూరం పెరిగితే క్లెయిమ్ రోజున ఏం జరుగుతుందన్నదే ఈ వ్యాసం.

బ్యాంకు కట్టించింది ఏ ఇన్సూరెన్స్?

గృహరుణంతో పాటు రెండు రకాల బీమా అమ్ముతారు. ఒకటి లోను ప్రొటెక్షన్. రుణం తీసుకున్న మనిషి చనిపోతే మిగిలిన బాకీ తీర్చే జీవిత బీమా అది. రెండోది ఇంటికి చేసే బీమా. మంట, తుపాను, వరద, భూకంపం లాంటివాటి వల్ల కట్టడానికి నష్టం వస్తే చెల్లించేది ఇదే. మొదటిది కట్టి రెండోది కట్టామనుకునేవాళ్లు చాలామంది. తుపానులో రేకులు లేచిపోతే మొదటి దాంట్లో పైసా రాదు.

ఇంటికి బీమా చేయించాలని చట్టం ఎవరినీ నిర్బంధించదు. బ్యాంకులే తమ రుణ షరతుల్లో పెట్టుకుంటాయి. అలా తీసుకున్నదాంట్లో తరచు కట్టడం ఒక్కటే ఉంటుంది, ఇంట్లో సామాను ఉండదు. పైగా 'బ్యాంకు క్లాజు' అని ఒకటి ఉంటుంది. దాని ప్రకారం క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకు వెళ్తుంది. బాకీ తీరిపోయి ఎన్‌ఓసీ (బాకీ లేదన్న పత్రం) చేతికొచ్చాక కూడా పాలసీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోవడం మామూలే. లోను మరో బ్యాంకుకు మార్చుకున్నవాళ్లకైతే పాత బ్యాంకు పేరు కాగితం మీద ఉంటుంది, బాకీ కొత్త బ్యాంకులో ఉంటుంది. క్లెయిమ్ ఆగిపోదు గానీ, చెక్కు ఎవరి పేరున రాయాలో తేలేసరికి నెలలు గడుస్తాయి.

2021 ఏప్రిల్ 1: పాత భాషకూ కొత్త భాషకూ మధ్య గీత

మన పాలసీ ఏ తేదీదో చూడ్డం ముఖ్యం. 2021 ఏప్రిల్ 1కి ముందు ఇళ్లకు ఎక్కువగా అమ్మింది 'స్టాండర్డ్ ఫైర్ అండ్ స్పెషల్ పెరిల్స్' పాలసీ. ఫ్యాక్టరీకీ గోదాముకూ ఇంటికీ ఒకే మూసలో రాసిన పత్రం అది. ఆ తేదీ నుంచి ఇళ్లకు 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీని సాధారణ బీమా కంపెనీలన్నీ తప్పనిసరిగా ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. కంపెనీలు తమ సొంత పాలసీలు కూడా అమ్ముకుంటాయి. కానీ ఈ ఒక్కటీ అందరి దగ్గరా ఒకే షరతులతో దొరుకుతుంది.

పాత పాలసీలో ఓ షరతు ఉండేది. మూడు సందర్భాల్లో బీమా రక్షణ ఆగిపోతుందని అది చెబుతుంది: ఇంటి వాడుక మారి ప్రమాదం పెరిగినప్పుడు, ఇల్లు 30 రోజులకు మించి ఖాళీగా ఉన్నప్పుడు, వీలునామా ద్వారానో వారసత్వ చట్టం ద్వారానో కాకుండా ఆస్తి చేతులు మారినప్పుడు. నష్టం జరగకముందే కంపెనీకి చెప్పి పాలసీకి సవరణ పత్రం జత చేయించుకుంటే సరే. ఆ పత్రాన్నే 'ఎండార్స్‌మెంట్' అంటారు. అద్దెకివ్వడం, తాళం వేసి వెళ్లడం, అమ్మడం: మధ్యతరగతి కుటుంబం జీవితంలో జరిగేవే ఇవి. లోనుతో పాటు పదేళ్లకో పదిహేనేళ్లకో ఒకేసారి కట్టించిన పాత పాలసీలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి ఈ షరతు చరిత్రలో కలిసిపోలేదు.

ఎంతకు బీమా? అమ్మకం ధర కాదు

ఎంవీపీ కాలనీలో ఒక ఫ్లాటు 80 లక్షలకు అమ్ముడవుతుందనుకుందాం. దానికి 80 లక్షల బీమా చేయించాలా? అక్కర్లేదు. ఆ ధరలో పెద్ద భాగం స్థలానిది, ఆ ప్రాంతానిది. తుపానుకు స్థలం ఎగిరిపోదు. భారత్ గృహ రక్షలో లెక్క వేరు: కార్పెట్ ఏరియాను, అంటే ఇంటి లోపలి నేల వైశాల్యాన్ని, నేటి నిర్మాణ ఖర్చుతో గుణించాలి. ఉదాహరణకు వెయ్యి చదరపు అడుగులు, అడుగుకు 2,000 రూపాయలు అనుకుంటే 20 లక్షలు. గోడలకు బిగించిన కబోర్డులు, ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్ కలిపి ఆరు లక్షలైతే అవీ కట్టడంలో భాగమే, మొత్తం 26 లక్షలు. గృహప్రవేశమప్పుడు ఇల్లు బోసిగా ఉంటుంది. మూడేళ్ల తర్వాత ఇంటీరియర్ చేయిస్తారు. అప్పుడు బీమా మొత్తం పెంచాలన్న ఊహ వడ్రంగికీ రాదు, యజమానికీ రాదు.

బీమా మొత్తం తక్కువగా ఉంటే ఏమవుతుందో ఒక లెక్క వేద్దాం. వెయ్యి అడుగుల ఇంటికి 2016లో అడుగుకు 1,400 చొప్పున 14 లక్షలకు పాత పాలసీ తీసుకున్నారు. ఈరోజు అదే ఇల్లు కట్టాలంటే 20 లక్షలు. తుపానులో ఐదు లక్షల నష్టం వచ్చింది. 14 లక్షల పాలసీ ఉంది కదా, ఐదు లక్షలూ వస్తాయనే ఎవరైనా అనుకుంటారు. పాత పాలసీలో అలా కాదు. ఇంటి విలువలో 70 శాతానికే బీమా ఉంది కాబట్టి నష్టంలోనూ 70 శాతమే, అంటే మూడున్నర లక్షలే ఇస్తారు. మిగతా లక్షన్నర యజమాని భరించాలి. దీన్ని 'యావరేజ్ క్లాజు' అంటారు. నష్టం అంచనా వేసే సర్వేయర్ నివేదికలో ఈ కోత చూసి ఏజెంటు మీద విరుచుకుపడేవాళ్లున్నారు. ఏజెంటు చెప్పి ఉండాల్సిందన్న మాట నిజమే గానీ, షరతు మాత్రం మొదటి నుంచీ కాగితంలో ఉంది.

భారత్ గృహ రక్ష ఈ కోతను తీసేసింది. పై ఉదాహరణలో ఐదు లక్షలూ వస్తాయి. అయితే ఇల్లు మొత్తం నేలమట్టమైతే బీమా మొత్తానికి మించి రాదు. 14 లక్షలు రాసి ఉంటే 14 లక్షలే, ఇల్లు కట్టడానికి 20 అవసరమైనా సరే.

ఇందులో ఇంకో వెసులుబాటు ఉంది. పాలసీని ఏకంగా చాలా ఏళ్లకు తీసుకుంటే కట్టడం బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతటదే పెరుగుతుంది, అదనపు ప్రీమియం లేకుండా. 14 లక్షలతో మొదలైతే ఐదేళ్లు నిండాక 21 లక్షలు. గరిష్ఠంగా రెట్టింపు దాకా వెళ్తుంది. సిమెంటు, ఇనుము, కూలీ రేట్ల పెరుగుదలకు ఇది సరిపోవచ్చు. ఏడాదికోసారి రెన్యూవల్ చేసుకునేవాళ్లకు ఇలా ఏటికేడు కూడుతూ పోదు. వాళ్లు పాత అంకెనే ఏటా ఓకే నొక్కుతూ పోతే అది అక్కడే ఉంటుంది. ఇలా పెరిగేది ధర ఒక్కటే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. కొత్తగా వేసిన గది ఆ 10 శాతంలో రాదు.

మేడ మీద ఇంకో మేడ

గాజువాక, పెందుర్తి, మధురవాడ వైపు సొంత ఇళ్లు అంచెలంచెలుగా లేస్తాయి. ముందు కింద, రిటైర్మెంటు డబ్బు వచ్చాక పైన, ఆపైన మేడ మీద రేకుల గది. భారత్ గృహ రక్షలో దీనికి ఒక హద్దుంది: కార్పెట్ ఏరియాను 10 శాతానికి మించి పెంచే నిర్మాణానికి, అదనపు ప్రీమియం కట్టి ఎండార్స్‌మెంట్ చేయించుకుంటే తప్ప, రక్షణ లేదు.

900 అడుగుల ఇంట్లో వరండాకు గ్రిల్లు, అద్దాలు బిగించి 80 అడుగులు లోపలికి కలుపుకుంటే పెరిగింది తొమ్మిది శాతం లోపే, ఇబ్బంది లేదు. అదే ఇంటి మీద 600 అడుగుల వాటా వేస్తే మూడింట రెండు వంతులు పెరిగినట్టు. చెప్పకపోతే ఆ పై వాటా పాలసీ దృష్టిలో లేనట్టే. మరి కింది భాగం సంగతేమిటి? ఇక్కడే వాదనలు మొదలవుతాయి. మినహాయింపు కొత్త భాగానికే, పాతదానికి రక్షణ చెక్కుచెదరదని యజమాని తరఫువాళ్లు అంటారు. పై బరువు వల్లే కింది గోడ పగిలిందని తేలితే అది బీమా చేసిన ప్రమాదమే కాదని సర్వేయర్ అనొచ్చు. నిర్మాణ పనుల వల్ల, డిజైన్ లోపం వల్ల నేల కుంగితే పాలసీ వర్తించదని షరతుల్లో ఉంది కాబట్టి ఆ వాదనకూ పట్టు ఉంది. గోపాలపట్నం, ఆరిలోవ కొండవాలు ఇళ్లవాళ్లకు ఇది మరీ ముఖ్యం. కొండచరియ విరిగిపడటం పాలసీలో ఉంది. మట్టి పోసి చదును చేసిన నేల కుంగడం మాత్రం లేదు. రెండూ కలిసి జరిగినప్పుడు అసలు కారణం ఏదని తేల్చడం ఇంజినీర్లకే కష్టం.

రేకుల గది విషయం ప్రత్యేకం. గాలివానకు మొదట లేచిపోయేది అదే. కాంపౌండు గోడ, గేటు, గ్యారేజీ, నీళ్ల ట్యాంకు, సోలార్ ప్యానెళ్లు భారత్ గృహ రక్షలో ఇంటి కట్టడం కిందికే వస్తాయని పాలసీలో రాసి ఉంది. మేడ మీది రేకుల షెడ్డు పేరు అందులో లేదు. అది నివాస గదా, సామాన్ల కొట్టా అన్న ప్రశ్న వస్తుంది. పాలసీ షెడ్యూల్‌లో (దేనికి, ఎంతకు బీమా ఉందో రాసిన పట్టికలో) పేరు పెట్టి రాయించుకున్న ఇంటికి ఆ ప్రశ్న ఎదురవదు. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుంటే 78,000 దాకా సబ్సిడీ వస్తుంది. ప్యానెళ్ల పూర్తి ధర అంతకంటే ఎక్కువే. కట్టడంలో అవి లెక్కే అయినా, వాటి ఖరీదు బీమా మొత్తంలో కలవకపోతే ఇంటితో పాటు పోయిన రోజున తేడా కనబడుతుంది.

"పైన ఎవరుంటారండీ?"

తుపాను తర్వాత ఇల్లు చూడటానికి వచ్చిన సర్వేయర్ మాటల్లో మాటగా అడిగే ప్రశ్న ఇది.

"అద్దెకిచ్చామండి. కుర్రాళ్లు, ఫార్మాసిటీలో చేస్తారు."

"ఎంతమంది?"

"ఎనిమిది మంది బాబూ. మూడు గదులు."

ఒక కుటుంబానికి అద్దెకివ్వడానికీ, మనిషికింత చొప్పున ఎనిమిది మందికివ్వడానికీ బీమా దృష్టిలో తేడా ఉండొచ్చు. మొదటిది నివాసం. రెండోది హాస్టల్ వైపు జరుగుతోంది. ఎక్కడ గీత దాటిందో అంకెల్లో చెప్పే షరతు లేదు. కూర్మన్నపాలెం చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు వీధికి నాలుగైనా కనబడతాయి. ముందు గదిలో బ్యూటీ పార్లరు, మేడ మీద ట్యూషన్, వంటింట్లో కర్రీ పాయింటుకు వంట: ఇవన్నీ ఇదే కోవ. ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇంట్లోంచి ఉద్యోగం చేయడం వల్ల ప్రమాదం పెరిగిందని ఎవరూ అనరు. రెండు కమర్షియల్ సిలిండర్లతో నడిచే వంటకు ఆ మాట వర్తించదు. పైగా ఇంటి సామాను అంటే ఇంటి వాడకానికి ఉన్నవే. పార్లరు కుర్చీలు, అమ్మకానికి తెచ్చిన చీరల మూటలు అందులోకి రావు. వాటికి దుకాణాల పాలసీ వేరే ఉంది.

ఇంటాయన సామానుకు, అద్దెకున్నవాళ్ల సామానుకు సంబంధం లేదు. కట్టడం ఓనరుది, టీవీ, మంచాలు అద్దెవాళ్లవి. వాళ్లు కావాలంటే సామానుకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. ఓనరుకు ఉపయోగపడేది ఇంకోటుంది: ఇల్లు దెబ్బతిని ఉండటానికి పనికిరాకపోతే పోయిన అద్దెను భారత్ గృహ రక్ష చెల్లిస్తుంది. సొంతంగా ఉంటున్నవాళ్లయితే తాత్కాలికంగా వేరే ఇంట్లో ఉన్న అద్దె ఇస్తుంది. అద్దెకిచ్చిన సంగతే కంపెనీకి తెలియకపోతే, పోయిన అద్దె అడిగేటప్పుడు మొదట వచ్చే ప్రశ్న ఏమిటో ఊహించుకోవచ్చు.

ఆరు నెలల తాళం

అమ్మానాన్నలు కూతురి పురుడుకో, మనవడి కోసమో అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండి రావడం సీతమ్మధారలో వింతేమీ కాదు. ఈలోగా ఇంటికి తాళం. పాత ఫైర్ పాలసీ అయితే 30 రోజుల షరతు ఇక్కడే తగులుతుంది. ప్రయాణానికి ముందు ఒక ఉత్తరం రాసి అనుమతి తీసుకుంటే పోయేదానికి, తిరిగొచ్చాక వాదించాల్సి వస్తుంది.

దొంగతనం గురించి ఉన్న అపోహ ఇంకా పెద్దది. భారత్ గృహ రక్ష ఉందంటే దొంగలు పడినా డబ్బు వస్తుందనుకుంటారు. అందులో దొంగతనం ఉంది, ఒకే ఒక్క సందర్భంలో. బీమా చేసిన ప్రమాదం జరిగి, దాని కారణంగా ఏడు రోజుల్లోపు దొంగతనం జరిగితేనే. సామానుకు కూడా బీమా ఉన్న ఇల్లనుకుందాం. తుపాను గాలికి తలుపు విరిగింది, మూడో రోజు ఎవరో దూరి టీవీ ఎత్తుకుపోయారు: వర్తిస్తుంది. తుపాను లేదు, గాలి లేదు, ఊళ్లో ఎవరూ లేరని తెలిసి తాళం పగలగొట్టారు: వర్తించదు. దీనికి బర్గ్‌లరీ బీమా విడిగా తీసుకోవాలి. ఆ పాలసీల్లోనూ ఇల్లు ఎన్ని రోజులు ఖాళీగా ఉండొచ్చో షరతు ఉండటం మామూలే.

పెళ్లి, నగలు, కొత్త సామాను

భారత్ గృహ రక్షలో ఇల్లు, సామాను రెండూ కలిపి తీసుకుంటే సామానుకు విడిగా జాబితా ఇవ్వకుండానే కట్టడం మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల దాకా రక్షణ ఉంటుంది. 20 లక్షల ఇంటికి నాలుగు లక్షలు. అబ్బాయి పెళ్లయి కోడలు వచ్చాక రెండు ఏసీలు, పెద్ద ఫ్రిజ్జు, మంచం, సోఫా చేరి సామాను ఏడు లక్షలైతే తేడాకు వివరాలిచ్చి పెంచుకోవాలి. బంగారం ఈ లెక్కలో లేదు. నగలకు ఐచ్ఛిక రక్షణ వేరే ఉంది, వాటి విలువను ముందే ఒప్పుకుని రాస్తారు. బంగారం ధర పెరిగిన తీరు చూస్తే నాలుగేళ్ల కిందటి విలువ ఇప్పటికి సరిపోదన్నది చెప్పక్కర్లేదు.

పాలసీ నాన్నగారి పేరు మీదే ఉంది

యజమాని మరణిస్తే పాలసీ వెంటనే చచ్చిపోదు. వారసత్వంగా ఆస్తి చేతులు మారితే రక్షణ ఆగదన్నది పాత పాలసీలోనూ ఉంది. కష్టం కాగితాల దగ్గర వస్తుంది. జీవీఎంసీ ఇంటి పన్ను నాన్న పేరున, ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు తాత పేరున, పాలసీ నాన్న పేరున ఉండి, నష్టం జరిగినప్పుడు ముగ్గురు అన్నదమ్ములు, ఒక చెల్లెలు ఉంటే డబ్బు ఎవరికివ్వాలో కంపెనీ తేల్చుకోలేదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం అడుగుతుంది. మరమ్మతులకు మేస్త్రీ మాత్రం అంతవరకు ఆగడు.

అమ్మకం అందుకు పూర్తిగా భిన్నం. రిజిస్ట్రేషన్ అయిన క్షణాన అమ్మినవారికి ఆ ఇంటి మీద 'ఇన్సూరబుల్ ఇంటరెస్ట్', అంటే ఇంటికి నష్టమైతే తామూ నష్టపోయే సంబంధం, పోతుంది. కొన్నవారికి ఆ పాలసీ దానంతటదే బదిలీ కాదు. మధ్యలో పడేది కొన్నవాళ్లే. "పాలసీ ఇంకా ఏడేళ్లుందండీ, మీకే ఇచ్చేస్తున్నా" అని పాత ఓనరు కాగితం చేతిలో పెడితే దానికి విలువ లేదు. అమ్మినవారు రద్దు చేసుకుంటే మిగిలిన కాలానికి ప్రీమియం దామాషాలో వెనక్కి వస్తుంది, క్లెయిమ్ తీసుకోనట్టయితే.

చిన్న మార్పుకీ చెప్పాలా?

ఇక్కడ రెండు పక్షాలున్నాయి. ప్రమాదం ఎంతో చూసి ధర కట్టాం, ప్రమాదం మారితే మాకు తెలియాలి కదా అన్నది కంపెనీల మాట. లేకపోతే నిజం చెప్పినవాడి ప్రీమియంతో చెప్పనివాడి నష్టం తీర్చినట్టవుతుంది. ఇది న్యాయమైన వాదనే. ఏళ్ల తరబడి ప్రీమియం తీసుకుని, ఒక్కసారి కూడా ఇంటివైపు చూడకుండా, క్లెయిమ్ రోజున మాత్రం గది గదికీ లెక్క అడగడం ఏమిటన్నది ఇంటివాళ్ల మాట. తుపానుకు కాంపౌండు గోడ కూలితే పైన అద్దెకున్నవాళ్లకూ దానికీ ఏం సంబంధం? నాకీ ప్రశ్నలో చాలా బలం కనబడుతుంది.

కోర్టులు నడిమి దారి పట్టిన సందర్భాలున్నాయి. షరతు ఉల్లంఘించినంత మాత్రాన వాహన బీమా క్లెయిమ్‌ను పూర్తిగా తోసిపుచ్చకూడదని, 'నాన్ స్టాండర్డ్' పద్ధతిలో కొంత చెల్లించాలని 2010లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. అది వాహనాల కేసు. ఇంటికి అలాగే వర్తిస్తుందన్న హామీ లేదు గానీ, వినియోగదారుల కమిషన్ల ముందు ఆ తర్కాన్ని వాడుతుంటారు.

ఖర్చు వైపు చూస్తే, చాలా ఇళ్లకు ఏడాది ప్రీమియం వేసవిలో వచ్చే ఒక కరెంటు బిల్లు స్థాయిలోనే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాలకు జీఎస్టీ తీసేసినా ఇంటి బీమాకు 18 శాతం అలాగే ఉంది. అయినా ఎండార్స్‌మెంట్‌కు అదనంగా కట్టాల్సింది కొద్దిగానే ఉంటుంది, పేరు మార్పు లాంటివాటికి అదీ ఉండకపోవచ్చు.

ఎంత సవరించినా రానివి

ఉప్పుగాలికి ఇనప కడ్డీలు తుప్పు పట్టి స్లాబు పెచ్చులూడటం సముద్రం దగ్గరి ఇళ్లన్నిటికీ తెలిసిన బాధ. అది అరుగుదల, ప్రమాదం కాదు. ఏ పాలసీ ఇవ్వదు. తీరం కోతకు గురై నేల జారినా అంతే, భారత్ గృహ రక్షలో దాన్ని స్పష్టంగా మినహాయించారు. తుపాను అలకు గోడ కూలిందా, ఏళ్ల కోతకు నేల జారి కూలిందా అన్నది విశాఖ తీరం వెంబడి ఇళ్ల విషయంలో నిజంగా తలెత్తగల తగాదా.

తగాదా వచ్చినప్పుడు ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోపు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్ హైదరాబాద్ కార్యాలయం పరిధిలోకి వస్తుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా తగవులు వింటారు. అంతకు మించినవాటికీ, ఆ దారి వద్దనుకున్నవాళ్లకూ వినియోగదారుల కమిషన్లున్నాయి, జిల్లా కమిషన్ విశాఖలోనే ఉంది. రెండు చోట్లా ముందుగా అడిగే కాగితం ఒకటే: పాలసీ షెడ్యూల్, దానికి జత చేసిన ఎండార్స్‌మెంట్లతో సహా.